చేతిలో ఫోను, మనసు ఎక్కడ?

"మనసు పెట్టి విను" అంటాం. "మనసు పెట్టి వండితే పచ్చడి మెతుకులైనా రుచి" అంటాం. "మనసు పెట్టి చదువు" అని పిల్లలకు చెబుతాం.

మనసు పెట్టడం అంటే ఏమిటి? కళ్ళు, చెవులు, చేతులు, ఆలోచన. ఈ నాలుగూ ఒకే పని మీద ఉండడం. దీనికి పుస్తకాల్లో ఒక మాట ఉంది. అది 'ఏకాగ్రత'.

ఇప్పుడు ప్రతి ఇంట్లోకీ ఫోను వచ్చింది. మాట్లాడే ఫోను కాదు. బొమ్మలు, పాటలు, వీడియోలు చూపించే ఫోను. అది వచ్చాక మన మనసు ఎక్కడ ఉంటోంది? ఈ పాఠంలో అది తెలుసుకుందాం.

పొందూరు నూలు

శ్రీకాకుళం జిల్లాలో పొందూరు ఉంది. అక్కడి సన్న ఖద్దరుకు దేశమంతా పేరు. ఆ నూలు వడికేది ఎక్కువగా ఆడవాళ్ళే.

ముందు పత్తిని శుభ్రం చేస్తారు. దానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. ఆ దవడకు సన్నటి పళ్ళు ఉంటాయి. దువ్వెనతో తల దువ్వినట్టు ఆ పళ్ళతో పత్తిని దువ్వుతారు. నలక పోతుంది. పోగులు తిన్నగా వస్తాయి. తరవాత గింజ తీస్తారు. ఏకులు చేస్తారు. ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు.

ఒక చెయ్యి రాట్నం తిప్పుతుంది. రెండో చెయ్యి ఏకు పట్టుకుని నూలు లాగుతుంది. రెండు చేతులూ కలిసి నడవాలి. చూపు పక్కకు పోతే నూలు లావవుతుంది. లేదా తెగుతుంది.

తెగిన నూలు అతకవచ్చు. కాని రాట్నం ఆపాలి. కొస వెతకాలి. అతకాలి. మళ్ళీ మొదలుపెట్టాలి. ఒకసారి తెగితే పరవాలేదు. గంటలో ఇరవై సార్లు తెగితే? సాయంత్రానికి ఎంత నూలు వస్తుంది?

మన మనసు కూడా ఈ నూలు లాంటిదే. సాగుతున్నంతసేపూ పని సాగుతుంది. తెగిన ప్రతిసారీ కొస వెతుక్కోవాలి.

ఫోను ఎలా వచ్చింది?

మన దేశంలో మొదటి సెల్‌ఫోను మాట 1995 జూలై 31న నడిచింది. కలకత్తా నుంచి ఢిల్లీకి. ఆ ఏడాదే ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్టు అందుబాటులోకి వచ్చింది. అప్పుడు ఇవి డబ్బున్నవాళ్ళకే. మొదట్లో మనకు వచ్చిన ఫోనుకు కూడా మనమే డబ్బు కట్టాలి.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఇంటర్నెట్టు చౌక అయింది. పల్లెల్లో కూడా వీడియోలు చూడడం మొదలైంది.

2020లో కరోనా వచ్చింది. బడులు మూసేశారు. పిల్లల పాఠాలు టీవీలోను, ఫోనులోను నడిచాయి. పాఠం కోసం చాలా ఇళ్ళు కొత్తగా ఫోను కొన్నాయి. బడులు తెరిచారు. ఫోను మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఫోను మేలు చెయ్యలేదా?

చేసింది. చాలా చేసింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు వలస జిల్లాలు. బతుకుతెరువు కోసం జనం హైదరాబాదు పోతారు. చెన్నై పోతారు. తీరం ఊళ్ళ మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ రేవు దాకా పోయి పడవల మీద పనిచేస్తారు. నెలల తరబడి ఇంటికి రారు. పూర్వం ఉత్తరం కోసం ఎదురుచూసేవారు. ఉత్తరం వస్తే చదివిపెట్టేవాళ్ళ కోసం వెతికేవారు. ఇప్పుడు ముఖం చూస్తూ మాట్లాడుకోవచ్చు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడింది. కొబ్బరి చెట్లు, జీడి తోటలు కూలిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు పనిచెయ్యలేదు. ఫోను విలువ అప్పుడు అందరికీ తెలిసింది.

2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది. చదవడం వచ్చినవాళ్ళు ఎవరినీ బతిమాలకుండా తమ పని తామే చూసుకోవచ్చు.

కాబట్టి ఫోను చెడ్డదని ఎవరూ అనరు. కత్తిపీట కూర తరుగుతుంది. ఏమరుపాటుగా ఉంటే వేలు తెగుతుంది. తప్పు కత్తిపీటది కాదు. అయితే కత్తిపీట మన చేతిని పిలవదు. ఫోను పిలుస్తుంది. తేడా అక్కడే ఉంది.

ఒక ఇల్లు చూద్దాం

ఉద్దానంలో ఒక పల్లె అనుకుందాం. ఒక ఇంట్లో అత్త, కోడలు ఉన్నారు. కొడుకు హైదరాబాదులో పనికి పోయాడు. కోడలు పలాసలో జీడిపిక్కల పనికి పోతుంది. పొద్దంతా కూర్చుని జీడిపప్పు తొక్క తీస్తుంది. నడుము నొప్పి, కళ్ళు మంట. సాయంత్రం ఇంటికొచ్చి వంట చేస్తుంది. గిన్నెలు తోముతుంది. అప్పుడు అరుగు మీద కూర్చుని ఫోను పట్టుకుంటుంది. ఆమెకు రోజంతటిలో దొరికే విశ్రాంతి అదే.

ఒకనాటి రాత్రి అత్త వచ్చి పక్కన కూర్చుంది.

"ఒలే పిల్లా, నా కాళ్ళు సూడే. పొద్దున్నుంచీ పొంగిపోనాయి."

"ఊ."

"రేపు పదింటికి బడికాడికి నర్సమ్మ వస్తాదట. రగతం తీసి పరీచ్చ సేస్తారట. నన్ను తీసుకెల్తావేటి?"

"ఊ."

"మరైతే పన్లోకి ఒక గంట ఆలీసంగా ఎల్లు."

"ఊ."

అత్తకు ధైర్యం వచ్చింది. పోయి పడుకుంది.

తెల్లవారింది. కోడలు ఎప్పటిలాగే ఏడింటికి ఆటో ఎక్కి పనికి పోయింది. అత్త అరుగు మీద కూర్చుంది. పది అయింది. పదకొండు అయింది. నర్సమ్మ వచ్చింది, వెళ్ళిపోయింది. అత్త ఒక్కతే అంత దూరం నడవలేకపోయింది.

సాయంత్రం కోడలు వచ్చింది.

"తీసుకెల్తానన్నావు కదే! కూకుని కూకుని నా పేణం ఇసిగిపోనాది" అంది అత్త.

"నువ్వెప్పుడు సెప్పావత్తా?"

"రేత్రి సెప్పలేదేటి? మూడుసార్లు ఊ అన్నావు కాదేటి?"

కోడలు నిలబడిపోయింది. అత్త అబద్ధం చెప్పదు. తను కూడా అబద్ధం చెప్పడం లేదు. మాట చెవిలో పడింది. మనసులో పడలేదు.

రాత్రి ఆ గంటలో తను ఏం చూసింది? గుర్తు చేసుకుంది. ఎవరో కేకు చేశారు. ఎవరో చీరలు అమ్మారు. ఒక కుక్కపిల్ల ఆడింది. ఇంకా నలభై, యాభై చూసి ఉంటుంది. ఒక్కటీ సరిగా గుర్తు రాలేదు.

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎక్కువ అని అందరికీ తెలుసు. ఈ జబ్బు మొదట్లో బయటికి కనబడదు. కాళ్ళ పొంగు దాని గుర్తు కావచ్చు. రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది. కాబట్టి ఆ రాత్రి అత్త చెప్పింది చిన్న మాట కాదు.

మర్నాడు కోడలు పనికి సెలవు పెట్టింది. అత్తను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ రోజు కూలి పోయింది. దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

కోడలు చెడ్డదా? కాదు. ఒళ్ళు అలిసిన మనిషి. విశ్రాంతి కోరుకున్న మనిషి. కాని ఆమెకు విశ్రాంతీ దొరకలేదు. అత్త మాటా అందలేదు.

రెండు 'ఊ'లు

చిన్నప్పుడు నాయనమ్మ కథ చెప్పేది. "ఊ కొట్టకపోతే కథ చెప్పను" అనేది. ఊ కొట్టడం అంటే "నేను ఇక్కడే ఉన్నాను, వింటున్నాను, చెప్పు" అని అర్థం. ఊ ఆగిపోతే పిల్ల నిద్రపోయిందని నాయనమ్మకు తెలిసేది.

ఫోను చూస్తూ అనే ఊకు ఆ అర్థం లేదు. "నేను ఇక్కడ లేను" అని దాని అర్థం. పైకి రెండూ ఒకలాగే వినిపిస్తాయి. అందుకే చెప్పేవాళ్ళు మోసపోతారు.

మనసు పెట్టి వింటే ఏం జరుగుతుందో మన జిల్లా మనిషే చూపించాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేశారు. కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. అప్పుడు ఆ భాషకు లిపి లేదు. నేర్చుకోవడానికి పుస్తకం లేదు. ఉన్నది మనుషులే. సవర మనిషి ఎదురుగా కూర్చుని, అతని నోటి మాట విని విని నేర్చుకున్నారు. కొండల్లో జ్వరం పట్టుకుంది. క్వినైను మందు వాడితే వినికిడి దెబ్బతింది. అయినా పని ఆపలేదు. సవర భాష మీద ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది.

వినడం ఊరికే కూర్చోవడం కాదు. అది కూడా ఒక పనే.

ఫోను మనసును ఎలా లాగుతుంది?

యూట్యూబు చూడడానికి డబ్బు కట్టనక్కరలేదు. ఫేసుబుక్కుకు కూడా కట్టనక్కరలేదు. మరి ఆ కంపెనీలకు డబ్బు ఎలా వస్తుంది?

సంతలో మందులు అమ్మేవాడిని చూశారు కదా. ముందు గారడీ చేస్తాడు. గారడీకి డబ్బు అడగడు. జనం మూగుతారు. అప్పుడు మందు సీసా తీస్తాడు. ఎంత ఎక్కువమంది, ఎంత ఎక్కువసేపు నిలబడితే వాడికి అంత లాభం.

ఇదీ అంతే. వీడియోల మధ్య ప్రకటనలు వస్తాయి. ప్రకటన ఇచ్చినవాళ్ళు కంపెనీకి డబ్బు కడతారు. మనం ఎంతసేపు చూస్తే కంపెనీకి అంత ఆదాయం. అంటే అక్కడ అమ్ముడుపోయే సరుకు మన మనసే. మన పొద్దే.

మనల్ని ఎక్కువసేపు నిలబెట్టడానికి కొన్ని ఉపాయాలు ఉన్నాయి. అవి తెలుసుకుంటే మనమూ జాగ్రత్తపడవచ్చు.

మొదటి ఉపాయం. అంతు లేకపోవడం. పుస్తకంలో పేజీ అయిపోతుంది. సినిమాలో 'శుభం' పడుతుంది. జముకుల కథ తెల్లారేసరికి ముగుస్తుంది. ఫోనులో వేలు పైకి తోసేకొద్దీ కొత్తది వస్తూనే ఉంటుంది. అది అడుగు లేని నుయ్యి. ఈ పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే అమెరికా మనిషి తయారుచేశాడు. జనానికి సుళువుగా ఉంటుందని చేశాడు. అది జనం పొద్దును ఇంతగా మింగేస్తుందని అప్పుడు అనుకోలేదు. తరవాత ఆయనే బాధపడుతూ బయటికి చెప్పాడు.

రెండో ఉపాయం. చిన్న ముక్కలు. 2020 జూన్‌లో మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. ఆ ఏడాదే రీల్స్, షార్ట్స్ వచ్చాయి. ఇవి నిమిషం, అరనిమిషం వీడియోలు. "ఒక్కటి చూసి లేస్తాను" అనుకుంటాం. ఒక్కటి చిన్నదే. గంటలో ఎన్ని ఒక్కట్లు అవుతాయో లెక్క ఉండదు.

మూడో ఉపాయం. ఏం వస్తుందో తెలియకపోవడం. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాలతో పరీక్షలు చేశాడు. పావురం ముక్కుతో మీట పొడిస్తే గింజ పడుతుంది. ఒకసారి పడి, ఒకసారి పడకపోతే పావురం మీటను వదలదు. పొడుస్తూనే ఉంటుంది. ఈసారి పడుతుందేమో అని ఆశ. లాటరీ టికెట్టు ఆశ కూడా ఇదే. పది వీడియోల్లో తొమ్మిది బాగుండవు. ఒకటి నవ్విస్తుంది. ఆ ఒక్కదాని కోసం వేలు తోస్తూనే ఉంటుంది.

నాలుగో ఉపాయం. గంట. టింగుమని మోగుతుంది. దీన్ని నోటిఫికేషన్ అంటారు. ఎవరో పిలిచారనుకుని చూస్తాం. చాలాసార్లు ఎవరూ పిలిచి ఉండరు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

గ్లోరియా మార్క్ అనే ఆవిడ అమెరికాలో పరిశోధన చేసింది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు కంప్యూటరు తెర మీద ఒకచోట ఎంతసేపు మనసు పెడుతున్నారో కొలిచింది. 2004లో సగటున రెండున్నర నిమిషాలు. తరవాతి ఏళ్ళలో అది 47 సెకండ్లకు పడిపోయింది. పని మధ్యలో ఆగితే తిరిగి ఆ పనికే వచ్చేసరికి సుమారు 25 నిమిషాలు పడుతోందని కూడా ఆవిడ పరిశోధనలో తేలింది. మధ్యలో ఇంకేవో పనులు దూరుతున్నాయి.

2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో పరిశోధన ప్రచురించారు. కొందరికి పరీక్ష పెట్టారు. అందరి ఫోన్లకూ మోత ఆపేశారు. కొందరి ఫోను బల్ల మీద ఉంది. కొందరిది సంచిలో. కొందరిది పక్క గదిలో. పక్క గదిలో ఫోను ఉన్నవాళ్ళు పరీక్ష మెరుగ్గా రాశారు. తరవాత ఇతరులు చేసిన కొన్ని పరీక్షల్లో అంత తేడా కనబడలేదు. అందుకని దీన్ని గట్టి రుజువు అనలేం. కాని ఎవరి ఇంట్లో వాళ్ళు చేసి చూసుకోవచ్చు. దీనికి ఖర్చు లేదు.

మన జిల్లా లెక్క కూడా ఒకటి ఉంది. 2023లో 'అసర్' సర్వే జరిగింది. 26 రాష్ట్రాల్లో 28 జిల్లాలు తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ నుంచి శ్రీకాకుళం జిల్లాను తీసుకున్నారు. 14 నుంచి 18 ఏళ్ళ పల్లె పిల్లలను అడిగారు. అన్ని జిల్లాలూ కలిపి చూస్తే నూటికి దాదాపు 90 ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉంది. కాని నూటికి 25 మంది పిల్లలు తమ భాషలో రెండో తరగతి పాఠం గడగడా చదవలేకపోయారు.

ఆ సర్వేలోనే ఇంకో సంగతి ఉంది. ఫోను వాడడం వచ్చిన మగపిల్లల్లో నూటికి 44 మందికి సొంత ఫోను ఉంది. ఆడపిల్లల్లో 20 మందికే ఉంది. ఇంట్లో "ఫోను ఎక్కువైంది" అనే మాట ముందు ఆడపిల్లనే అంటారు. ఆ మాట అనేముందు ఫోను ఎవరి చేతిలో ఎక్కువ ఉందో చూడాలి. పద్ధతి పెట్టుకుంటే ఇంట్లో అందరికీ ఒకటే పద్ధతి ఉండాలి.

కొత్తగా చదువు నేర్చినవాళ్ళకు ఒక మాట

ఈ సంగతి మీకు ముఖ్యం. ఎందుకంటే చదువు కొత్తగా నేర్చినవాళ్ళు నెమ్మదిగా చదువుతారు. అక్షరం, అక్షరం కూర్చుకోవాలి. మాట అవుతుంది. మాట, మాట కూర్చుకోవాలి. వాక్యం అవుతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి దాని మొదలు గుర్తుండాలి. అప్పుడే అర్థం అవుతుంది.

మధ్యలో ఫోను టింగుమంటే? మొదలు మరిచిపోతాం. మళ్ళీ మొదటి అక్షరం నుంచి రావాలి. రెండుసార్లు అలా జరిగితే విసుగొస్తుంది. "నాకు చదువు రాదులే" అనిపిస్తుంది. రాక కాదు. నూలు తెగింది, అంతే.

ఇంకో చిక్కు ఉంది. ఇప్పటి ఫోనుకు అక్షరం అక్కరలేదు. నోటితో చెబితే వెతికిపెడుతుంది. రాయకుండా గొంతు పంపవచ్చు. చదవకుండా వీడియో చూడవచ్చు. సుళువే. కాని వాడని కొడవలికి తుప్పు పడుతుంది. కష్టపడి నేర్చిన అక్షరం వాడకపోతే మరిచిపోతాం.

బ్యాంకు కాగితం గొంతుతో మాట్లాడదు. సంఘం అప్పు పత్రం వీడియో చూపించదు. మందు పొట్లం మీద తేదీ చదివితేనే తెలుస్తుంది. అక్కడ వేలిముద్ర వేసే రోజులకు తిరిగి పోకూడదంటే అక్షరం చేతిలో ఉండాలి.

ఆ ఫోనునే చదువుకు వాడుకోవచ్చు. కొడుక్కి గొంతు పంపేబదులు నాలుగు మాటలు రాసి పంపండి. తప్పులు వచ్చినా పరవాలేదు. అమ్మ రాసిన తప్పును చూసి ఏ కొడుకూ నవ్వడు. వాడు మళ్ళీ రాస్తాడు. మీరు చదువుతారు.

పసిబిడ్డ చూసేది ముఖాన్ని

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే శాస్త్రవేత్త 1970ల్లో ఒక పరీక్ష చేశాడు. తల్లి బిడ్డతో ఆడుతుంది. నవ్వుతుంది. బిడ్డ నవ్వుతుంది. తరవాత తల్లి ముఖం కదపకుండా ఊరికే ఉండిపోతుంది. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది. చేతులు చాపుతుంది. కేక పెడుతుంది. తల్లి పలకదు. బిడ్డ ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. ఆ కాసేపటికే అంత కలవరపడుతుంది.

అప్పుడు ఈ ఫోన్లు లేవు. కాని ఫోనులోకి చూసే ముఖం కూడా కదలని ముఖమే. పాలిస్తూ ఫోను చూస్తే బిడ్డకు పాలు అందుతాయి. అమ్మ ముఖం అందదు. మాటలు నేర్చేది ఆ ముఖం చూసే.

ఇంకో అలవాటు ఉంది. బువ్వ తినకపోతే ఫోను చూపించి తినిపిస్తాం. బిడ్డ నోరు తెరుస్తుంది. ఏం తింటోందో తెలియదు. కడుపు నిండిందో లేదో తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇలా చెప్పింది. రెండేళ్ళ లోపు బిడ్డకు తెర వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వరకు రోజుకు గంట మించకూడదు. ఎంత తగ్గితే అంత మంచిది.

దూరాన ఉన్న తండ్రితో అప్పుడప్పుడు వీడియోలో మాట్లాడించడం వేరు. అందులో బిడ్డకు తండ్రి ముఖం దొరుకుతుంది.

సిరిమాను చూశామా, తీశామా?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం ఏటా జరుగుతుంది. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం. లక్షల మంది వస్తారు. సిరిమాను కదిలేసరికి ఇప్పుడు చేతులు పైకి లేస్తాయి. దండం పెట్టడానికి కొన్ని. ఫోను పట్టడానికి చాలా.

లిండా హెంకెల్ అనే శాస్త్రవేత్త 2014లో ఒక పరిశోధన ప్రచురించింది. కొందరిని మ్యూజియంలో తిప్పింది. కొన్ని వస్తువులను ఫొటో తియ్యమంది. కొన్నింటిని ఊరికే చూడమంది. మర్నాడు అడిగితే, ఊరికే చూసినవే ఎక్కువ గుర్తున్నాయి. ఫోటో తీస్తే "అది దాస్తుందిలే" అని మనసు దాచుకోదు.

ఒక్క ఫోటో తియ్యండి. తరవాత ఫోను కొంగున కట్టుకుని కళ్ళతో చూడండి. పక్కనున్న పిల్లను భుజం మీదికి ఎత్తి చూపించండి. ఆ పిల్లకు రేపు గుర్తుండేది ఆ భుజమే.

ఫోనుకు ఒక గూడు

పాత ఇళ్ళల్లో గోడకు దీపం గూడు ఉండేది. దీపం అక్కడే ఉండేది. వెలుగు కావాలంటే మనమే దాని దగ్గరికి వెళ్ళేవాళ్ళం. దీపాన్ని పక్కలో పెట్టుకుని ఎవరూ పడుకోలేదు.

ఫోనుకు కూడా ఒక గూడు పెట్టుకుందాం. ఇలా చెయ్యవచ్చు.

1. ఇంట్లో ఒక చోటు అనుకోండి. పని లేనప్పుడు అందరి ఫోన్లూ అక్కడే ఉండాలి. మగవాళ్ళవి కూడా.

2. టింగుమనే మోతలు ఆపించండి. ఫోను 'సెట్టింగ్స్'లో నోటిఫికేషన్లు ఆపవచ్చు. మీ అమ్మాయినో, అబ్బాయినో అడగండి. మనుషులు చేసే ఫోను మాత్రం మోగనివ్వండి. వలస పోయినవాళ్ళ నుంచి కబురు రావాలి కదా.

3. అన్నం తినేటప్పుడు ఫోను గూట్లో ఉండాలి.

4. ఎవరైనా మాట్లాడడానికి వస్తే ఫోను బోర్లించండి. వాళ్ళ ముఖం చూడండి. అప్పుడే కుదరకపోతే "ఆగత్తా, ఇది సూసి వస్తాను" అని చెప్పండి. ఉత్త ఊ కన్నా అది మంచిది.

5. వీడియోలు చూడడం తప్పు కాదు. కాని లెక్క పెట్టుకోండి. "పావుగంట" అని గడియారం చూసి మొదలుపెట్టండి. ఫోనులో అలారం పెట్టండి. నుయ్యికి అడుగు లేకపోతే మనమే చేంతాడు కొలుచుకోవాలి.

6. రోజుకు ఇరవై నిమిషాలు చదవండి. అప్పుడు ఫోను వేరే గదిలో ఉండాలి. ఒకే గది ఉంటే పక్కింటి వదిన దగ్గర పెట్టండి. ఆవిడను కూడా చదవమనండి.

7. డ్వాక్రా సంఘం మీటింగుకు ఒక బుట్ట తెచ్చుకోండి. ఫోన్లన్నీ అందులో వెయ్యండి. లెక్కలు చదివేటప్పుడు అందరి మనసూ లెక్కల మీద ఉంటుంది. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఎవరు కట్టారు అన్నది అందరికీ తెలుస్తుంది.

ఇవన్నీ ఒక్క రోజులో రావు. మొదటి రెండు రోజులు చెయ్యి గూటి వైపే పోతుంది. ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. అది అలవాటు చేసే గోల. నాలుగో రోజుకో, పదో రోజుకో తగ్గుతుంది.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. ఒంటరిగా ఉన్నవాళ్ళ చేతిలోంచి ఫోను ఊరికే లాక్కుంటే లాభం లేదు. ఫోను స్థానంలో మనిషి ఉండాలి. కోడలు అరుగు మీద కూర్చుంటే అత్త కూడా వచ్చి కూర్చోవాలి. అత్త తన నొప్పి ఒక్కటే చెప్పకుండా, కోడలి నడుము నొప్పి కూడా అడగాలి. మాట అటూ ఇటూ నడవాలి.

కొత్త మాటలు

ఏకాగ్రత – ఒకే పని మీద మనసు నిలపడం
ప్రకటన – సరుకు అమ్ముకోవడానికి ఇచ్చే కబురు
నోటిఫికేషన్ – చూడమని ఫోను ఇచ్చే పిలుపు
పరిశోధన – పరీక్షించి నిజం తెలుసుకోవడం
వలస – బతుకుతెరువు కోసం వేరే ఊరు పోవడం

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. అత్త మూడుసార్లు చెప్పినా కోడలికి ఎందుకు తెలియలేదు? అత్త ఇంకేం చేసి ఉండవచ్చు?
2. యూట్యూబుకు మనం డబ్బు కట్టం. మరి మనం ఇచ్చేది ఏమిటి?
3. మీ ఇంట్లో ఫోను ఎక్కువసేపు ఎవరి చేతిలో ఉంటుంది? ఎందుకు?
4. మీరు చెప్పిన మాట వినకుండా ఎవరైనా ఊ అన్నారా? అప్పుడు మీకు ఏమనిపించింది?

చెయ్యండి

మూడు రోజులు ఈ లెక్క రాయండి. ఫోను చూడడం మొదలుపెట్టిన వేళ. ఆపిన వేళ. చూసినవాటిలో మర్నాటికి గుర్తున్నవి ఎన్ని. నాలుగో రోజున మీ లెక్కను కేంద్రంలో చదివి వినిపించండి. చదివేటప్పుడు వినేవాళ్ళ ఫోన్లు బుట్టలో ఉండాలి.